బావమరిది వెబ్‌సైటు

మా కాలేషా మావయ్య అసూయ వల్ల తెనాలిలో చాలామందికి ఉపకారం జరిగేది. గ్యాసు బండ రావడం ఆలస్యమైతే మా వీధి ఆడవాళ్ళు మావయ్య దగ్గరికొచ్చి ఫరూక్ పేరు ఎత్తేవాళ్ళు. ఆ సెగకి ఒక కుటుంబానికి సరిపడా అన్నం ఉడికేది. పప్పు మాత్రం కుదిరేది కాదు. పప్పు ఉడికేలోపు మావయ్య లేచి వెళ్ళిపోయేవాడు.

మావయ్యది కాలేషా బ్యాండ్. ఎర్ర కోట్లు, భుజాల మీద బంగారు కుచ్చులు, ముందు మావయ్య క్లారినెట్, వెనక ట్రంపెట్లు, డ్రమ్ములు, అన్నిటికంటే వెనక తాళాలు వాయిస్తూ నేను. నా పేరు జహీర్. మావయ్యకి మేనల్లుణ్ణి. ఫరూక్ బాబాయి అంటే మా గౌస్ బీ అత్తకి సొంత తమ్ముడు, మావయ్యకి బావమరిది. క్లారినెట్ పట్టుకోవడం దగ్గర నుంచి అన్నీ మావయ్య దగ్గరే నేర్చుకున్నాడు. నేర్చుకున్నవాడు నేర్చుకున్నంత దగ్గర ఆగాడా అంటే లేదు, నేర్పినవాడి కంటే బాగా వాయించడం మొదలుపెట్టాడు. అది చాలదన్నట్టు రేపల్లె వెళ్ళి సొంత మేళం పెట్టాడు.

మా బ్యాండు వాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. రోడ్డు మీద ఇంకొకడి మేళం వాయిస్తుంటే మనం ఆగి వినకూడదు. ఆగి నిలబడ్డామంటే ఓడిపోయామని లెక్క. ఆ తరవాత ఎక్కడ ఎదురుపడ్డా పక్కకి తప్పుకుని వాళ్ళకి దారివ్వాలి. అందుకే ఫరూక్ బాబాయి మేళం ఎదురొస్తే మావయ్య నడక ఆపేవాడు కాదు. ఒకసారి పక్కనున్న మురుగు కాలవలో దిగి కూడా నడిచాడు. మోకాళ్ళ దాకా మునిగాడు గానీ ఆగలేదు.

ఇదంతా ఇంట్లో గొడవగానే ఉండిపోయేది, మధ్యలో కొల్లిపర పెళ్ళి రాకపోతే.

కొల్లిపరలో బసవేశ్వరరావు గారింట్లో పెళ్ళంటే ముందు నడిచేది మా మేళమే. మావయ్య తాత నడిచాడు, నాన్న నడిచాడు, మావయ్య నడిచాడు. వేరే పెళ్ళిళ్ళు వచ్చినా రాకపోయినా మావయ్యకి పట్టింపు లేదు. ఆ ఒక్క గడప మాత్రం మావయ్యకి ఆస్తి. 2004 మాఘమాసంలో ఆయన కూతురు ఉషశ్రీకి బాపట్ల సంబంధం ఖాయమైందని తెలిసి, మావయ్య కోటుకి కొత్త కుచ్చులు కుట్టించుకుని మరీ వెళ్ళాడు. నేనూ వెళ్ళాను.

"కాలేషా, ఈసారి పెత్తనమంతా మా అమ్మాయిదేనయ్యా" అన్నాడు బసవేశ్వరరావు గారు పడక్కుర్చీలోంచి. "వడ్లమూడిలో ఎం.సి.ఏ. చదువుతోంది కదా, అన్నీ కంప్యూటర్లో చూసే కుదురుస్తానంటోంది. మీకు వెబ్‌సైట్ ఉందా?"

మావయ్య నా వంక చూశాడు. నేను దూలం వంక చూశాను.

"ఉండకేమండి బాబుగారూ. ఇంటి దగ్గరుంది. రేపు పట్టుకొస్తాను."

"పట్టుకొచ్చేది కాదయ్యా అది. మీ బావమరిది ఫరూక్‌కి ఉందంట, జనం విరగబడి చూస్తున్నారంట. చైత్రంలో మిమ్మల్నిద్దర్నీ పిలుస్తాను. ఎవరిది ఎక్కువమంది చూస్తే వాళ్ళకే తాంబూలం."

తిరిగొచ్చేటప్పుడు మావయ్య బస్సు తెనాలి పొలిమేర చేరేదాకా ఆగాడు. అప్పుడు నా చెవిలో అడిగాడు.

"ఒరేయ్ జహీరూ, వెబ్‌సైటంటే ఏంట్రా?"

మర్నాడు గాంధీ చౌక్ దగ్గర ఇంటర్నెట్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. ప్లైవుడ్ చెక్కలతో గదులు కట్టి, గదికో కంప్యూటర్ పెట్టారు. ఫోను తీగ మీద వచ్చే ఇంటర్నెట్ కాబట్టి ఫరూక్ బాబాయి ఫొటో పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా దిగింది. ముందు టోపీ వచ్చింది. మేం బయటికెళ్ళి టీ తాగొచ్చాం. అప్పటికి కనుబొమలు వచ్చాయి.

"వాడే" అన్నాడు మావయ్య, కనుబొమలు చూసే పళ్ళు కొరుకుతూ.

మీసం వచ్చేసరికి పాట కూడా మొదలైంది. పేజీ తెరవగానే దానంతటదే మోగేలా పెట్టారు. ఫరూక్ బాబాయి క్లారినెట్. పెళ్ళికూతుర్ని గడప దాటించేటప్పుడు వాయించే పాట, మావయ్య నేర్పినదే. మావయ్య చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కళ్ళు మూసుకున్నాడు. పాట అయిపోయాక కూడా తెరవలేదు.

"ఎలా ఉంది మావయ్యా?"

"మధ్యలో ఒక చోట శ్వాస తప్పాడు. ఇంకోసారి పెట్టు, ఎక్కడో చెబుతాను."

ఇంకోసారి పెట్టాను. తప్పు దొరకలేదు. ఇంకోసారి పెట్టాను.

ఆ సైటు చేసింది ఫరూక్ బాబాయి కూతురు సాదియా. బాపట్లలో ఇంజనీరింగ్ చదువుతోంది. నాకు అసూయేమీ లేదు. ఆ సైటు బాగుందన్నవాళ్ళతో మాట్లాడటం మానేశాను, అంతే. అలా మానేస్తూ పోతే చివరికి మాట్లాడటానికి మా వీధిలో ఒక మేక మిగిలింది.

"కిందున్న ఆ అంకెలేంట్రా?" అన్నాడు మావయ్య.

"కౌంటరు మావయ్యా. ఈ పేజీని ఎంతమంది చూశారో చెబుతుంది. ఒక్కో చూపుని ఒక్కో హిట్టు అంటారు."

"ఇందాక తక్కువ ఉందే?"

"పెరిగింది."

"మనం కూర్చున్న కాసేపట్లోనా?"

"అవును."

మావయ్య ముఖం కందగడ్డయింది. పేజీ తెరిచిన ప్రతిసారీ ఆ అంకె ఒకటి పెరుగుతుందనీ, ఇప్పుడు పెంచింది తానేననీ చెప్పేవాణ్ణే. మావయ్య అడగలేదు. అడగని మాట పెద్దవాళ్ళకి చెప్పడం మా ఇంటావంటా లేదు. పైగా బయటికొచ్చాక మావయ్య నాకు మిరపకాయ బజ్జీలు ఇప్పించాడు. బాధలో ఉన్న మనిషి ఇప్పించే బజ్జీల రుచి వేరు.

"మనకీ ఒకటి కావాల్రా" అన్నాడు. "వాడిదాని కంటే పెద్దది."

చేద్దామన్నాను. చేసేముందు ఒక్కో మాటా విడమరిచి చెప్పాను, ఎందుకంటే మావయ్య అర్థంకాని దేనికీ ఒప్పుకోడు. అర్థమైనవాటికీ ఒప్పుకోడనుకోండి.

"డొమైన్ అంటే బోర్డు మీద పేరు మావయ్యా. ప్రపంచం మొత్తంలో ఆ పేరు ఒక్కళ్ళకే. మనం కొనుక్కుంటే ఇంకెవడూ పెట్టుకోలేడు."

"ప్రపంచంలో ఇంకో కాలేషా బ్యాండ్ ఉండకూడదా? అయితే కొను."

"హోస్టింగ్ అంటే ఆ బోర్డు తగిలించుకోవడానికి కొట్టు అద్దె. నెలనెలా కట్టాలి."

"అద్దె లేకుండా దొరకదా?"

"దొరుకుతుంది. ఊరికే చోటిచ్చేవాళ్ళున్నారు. కాకపోతే వాళ్ళ గోడ కాబట్టి వాళ్ళ ప్రకటన మన నెత్తిన ఉంటుంది. బ్యానర్ అంటారు."

"ఉంటే ఉండనీరా. షామియానాకి షామియానా వాడి పేరుండదా ఏంటి?"

అలా ఊరికే వచ్చే చోట్లో సైటు పెట్టాను. మొదటిసారి తెరిచినప్పుడు మావయ్య నెత్తి మీద, ఒళ్ళు తగ్గించే మందు ప్రకటనలో, బిగుతు బట్టలేసుకున్న దొరసాని ఒకావిడ గెంతుతోంది. వెనక్కి తిరిగితే గుమ్మంలో గౌస్ బీ అత్త నిలబడి ఉంది. మావయ్య సైటు చూద్దామని పాపం ముచ్చటపడి వచ్చింది.

"ఎవరండీ ఆవిడ?"

"బ్యానరు" అన్నాడు మావయ్య.

"బ్యాండులో కొత్తగా చేరిందా?"

"లేదే, ఇంటివాడి తరఫు మనిషి."

"మా తమ్ముడి సైటు మీద ఇట్లాంటివాళ్ళు గెంతట్లేదు. మీరే నేర్పారు కదా వాడికి, వాడి దగ్గర మీరు కాస్త నేర్చుకోండి" అని ఆవిడ ఇంటికెళ్ళిపోయింది. ఆ రోజు సాయంత్రం మా వీధిలో ముగ్గురి ఇళ్ళల్లో అన్నం ఉడికింది.

తరవాత లింకు. పక్కవాళ్ళ సైటుకి మన పేజీలోంచి దారి పెడితే, వాళ్ళు మన సైటుకి దారి పెడతారు, ఇద్దరి దగ్గరికీ జనం పెరుగుతారు అని చెప్పాను. ఫరూక్ బాబాయి సైటుకి పెడదామా అన్నాను, ఊరికే.

"నా గుమ్మంలో నిలబడి వాడింటికి దారి చూపించాలా?" అన్నాడు మావయ్య.

కీవర్డు గురించి కూడా చెప్పాను. జనం వెతికేటప్పుడు ఏ మాట కొడితే మనం కనబడాలో ఆ మాటలు పేజీలో రాసుకోవాలి. పెళ్ళి, బ్యాండు, తెనాలి, క్లారినెట్. మావయ్య ఆలోచించి, 'ఫరూక్' అని కూడా రాయమన్నాడు.

"వాడి కోసం వెతికినవాళ్ళు నా దగ్గరికి రావాలి."

నిజానికి అది పెద్ద పెద్ద కంపెనీలు చేసే పనేనని నాకు అప్పుడు తెలీదు. మావయ్యకి అసూయే నేర్పింది.

ఫోను నంబరు దగ్గర మాత్రం ఎంత చెప్పినా వినలేదు. మా వాళ్ళలో మేళం మాట్లాడుకోవడమంటే పెళ్ళివారు తమలపాకులు, వక్క పళ్ళెంలో పెట్టుకుని ఇంటికి రావాలి. ఫోనులో కుదుర్చుకునేది నీళ్ళ ట్యాంకరునని మావయ్య అభిప్రాయం. కాబట్టి నంబరు ఉండాల్సిన చోట 'తాంబూలముతో స్వయముగా రావలెను' అని రాయించాడు. ఎక్కడికి రావాలో రాయలేదు. కాలేషా ఇల్లు తెలియనివాళ్ళు ఉంటారని మావయ్యకి తోచలేదు.

ఇక ఫొటో. మావయ్య దగ్గర మంచిది ఒక్కటే ఉంది, బసవేశ్వరరావు గారి చెల్లెలి పెళ్ళిలో తీసింది. మధ్యలో మావయ్య, పక్కన మీసాలు కూడా సరిగ్గా రాని ఫరూక్ బాబాయి, మావయ్య భుజం మీద చెయ్యేసి.

"వాణ్ణి తీసెయ్."

తీసేశాను. మౌసుతో కత్తిరించడం అప్పుడే నేర్చుకుంటున్నాను. ఫరూక్ బాబాయి మొత్తం పోయాడు గానీ చెయ్యి మావయ్య భుజం మీదే ఉండిపోయింది. నాలుగు వేళ్ళు, ఒక ఉంగరం.

"ఈ చెయ్యేంట్రా?"

"డిజైన్ మావయ్యా."

సైటు పెట్టిన వారానికి మా కౌంటరు కూడా కదలడం మొదలైంది. రోజూ కాస్త కాస్త పెరిగేది. అందులో కొన్ని మావయ్య చూసుకున్నవే గానీ అన్నీ కాదు. మేం తెరవని రోజు కూడా పెరిగింది. ఎవరో చూస్తున్నారు. మావయ్య ఒక పూట పొంగిపోయేవాడు. మరో పూట ఫరూక్ సైటు తెరిచి, అది ఇంకా ఎక్కువ పెరిగిందని కుంగిపోయేవాడు. కుంగిపోయినప్పుడు పాట ఇంకోసారి పెట్టమనేవాడు.

"శ్వాస తప్పాడ్రా, ఇక్కడే ఎక్కడో."

తెనాలి సెంటర్లో జనం గుర్తుపట్టడం మొదలుపెట్టారు. మా డ్రమ్ము కోటయ్య ఒకరోజు పక్క గదిలోంచి తల పెట్టి, "ఏంటి మావా, ఇక్కడున్నావ్?" అన్నాడు. బావమరిది మేళం ముందు నిలబడి ఉండగా పట్టుబడటమే అది. మావయ్య వెంటనే తెర మీద పడుకుని, జ్వరమన్నాడు. ఆ రోజు నుంచి బాపట్ల ప్యాసింజర్ ఎక్కడం మొదలుపెట్టాం. పైగా మావయ్యకి ఇంకో ఆశ కూడా ఉంది, ఊరు మారితే ఫరూక్ అంకె తగ్గుతుందేమోనని.

తగ్గలేదు. తెనాలిలో కంటే ఒకటి ఎక్కువ ఉంది.

"బాపట్ల కూడా వాడి చేతికి పోయిందిరా" అన్నాడు మావయ్య. తిరుగు రైల్లో నిడుబ్రోలు దాటేదాకా కిటికీలోంచి బాపట్ల వైపే చూశాడు, ఊరు ఊరంతా చేసిన ద్రోహానికి.

చైత్రం దగ్గరపడింది. కొల్లిపర నుంచి కబురొచ్చింది, ఆదివారం రమ్మని. ముందురోజు మావయ్య తలకి తువ్వాలు చుట్టుకుని, "రేపల్లె పోదాం పద. వాడి సొంతూళ్ళో ఎంత చూపిస్తుందో చూడాలి" అన్నాడు.

అంకె ఏ ఊళ్ళో అయినా ఒకటేనని చెప్పొచ్చు. కానీ రేపల్లెలో బజ్జీలు ఎలా ఉంటాయో నాకు తెలీదు.

రేపల్లె స్టేషన్లో పట్టాలు అయిపోతాయి. అక్కణ్ణుంచి ఇంక మనిషి అసూయపడుతూ ముందుకు వెళ్ళడానికి రైలు లేదు, నడవాల్సిందే. బజారులో ఉన్న ఇంటర్నెట్ సెంటర్ ముందు ఒక మోపెడ్ ఆగి ఉంది. హ్యాండిలుకి ఎర్ర టోపీ, బంగారు కుచ్చుది, తగిలించి ఉంది. మావయ్య తువ్వాలు కళ్ళ మీదికి లాక్కుని ఉండటం వల్ల చూడలేదు. నేను చూశాను.

పక్కపక్క గదులు. మధ్యలో ప్లైవుడ్ చెక్క, మనిషి భుజం ఎత్తుంది. మావయ్య హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఫరూక్ సైటు తెరిపించాడు. టోపీ వచ్చింది, కనుబొమలు వచ్చాయి. మీసం వస్తుండగా హెడ్‌ఫోన్ల తీగ నా కాలికి తగిలి ఊడింది. నా కాలు అప్పుడప్పుడూ అలాంటి పనులు చేస్తుంటుంది.

ఫరూక్ బాబాయి క్లారినెట్ ఆ సెంటరంతా మోగింది.

పక్క గదిలో కుర్చీ కిర్రుమంది. చెక్క మీదుగా ఒక ముఖం లేచింది. అవే కనుబొమలు, ఈసారి ఆలస్యం లేకుండా.

"బావా?"

మావయ్య తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు. "నేను కాదు."

"బావా, నువ్వు నా పాట వింటున్నావు."

"నేనెందుకు వింటాను? దారిన పోతుంటే ఇదే తెరుచుకుంది" అని లేచి నిలబడ్డాడు మావయ్య. లేచి నిలబడేసరికి చెక్కకి అవతల ఫరూక్ బాబాయి కంప్యూటర్ కనబడింది. అందులో దొరసాని గెంతుతోంది. దొరసాని కింద మావయ్య ఉన్నాడు. మావయ్య భుజం మీద చెయ్యి ఉంది.

పాట అయ్యాక నేను ఇద్దరికీ మర్యాదగా చెప్పాను, హిట్లు వేరు, మనుషులు వేరు అని. ఒక్కడే వందసార్లు తెరిస్తే అవి వంద హిట్లే గానీ చూసినవాడు ఒక్కడే. ఆ ఒక్కణ్ణి యునీక్ విజిటర్ అంటారు. ఇదివరకే చెప్పకూడదా అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. ఆ ఏడాదంతటికీ వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చింది ఆ ఒక్క విషయంలోనే.

"ఇది కొల్లిపరలో ఎక్కడా రాకూడదు" అన్నాడు మావయ్య.

"నాకేం అవసరం చెప్పడానికి?" అన్నాడు ఫరూక్ బాబాయి. ఆయన మీసం కింద నవ్వు కనబడింది. తన అంకె ఎక్కువని ఆయనకి తెలుసు. రేపు నోరు మూసుకుని కూర్చుంటే చాలు, కొల్లిపర గడప ఆయనది.

ఆ సంగతి మావయ్యకి తిరుగు రైల్లో అర్థమైంది. ఆ అంకె తను పెంచిందే. తన గడపని తనే, టిక్కెట్టు కొనుక్కుని ఊరూరూ తిరిగి, బావమరిదికి అప్పజెప్పాడు. నిజం చెబితే ఆగి నిలబడి ఓడిపోయినవాడవుతాడు. చెప్పకపోతే పెళ్ళి పోతుంది. వేమూరు దాటాక నాకు బజ్జీలు ఇప్పించనందుకు నేనేమీ అనలేదు.

ఆదివారం బసవేశ్వరరావు గారి హాల్లో కంప్యూటర్ చుట్టూ అందరం కూర్చున్నాం. ఫరూక్ బాబాయితో సాదియా వచ్చింది. ఉషశ్రీ మౌసు పట్టుకుంది. వాళ్ళమ్మ ప్రమీలారాణి గారు అందరికీ మజ్జిగ ఇచ్చి తమలపాకుల పళ్ళెం బల్ల మీద పెట్టింది. మావయ్య కళ్ళు ఆ పళ్ళెం మీదే ఉన్నాయి.

"కాలేషా బాబాయ్, మీ సైటు చూసి ఫోన్ చేద్దామంటే నంబరే లేదు" అంది ఉషశ్రీ. "ఫరూక్ బాబాయ్, మీ సైటు తెరుచుకునేలోపు నేను స్నానం చేసొచ్చాను."

"అవన్నీ తరవాత చూద్దాం గానీ, అంకె చదవమ్మా" అన్నాడు బసవేశ్వరరావు గారు.

చదివింది. ఫరూక్ బాబాయిది ఎక్కువ. బాగా ఎక్కువ.

"అబ్బో! ఏంటయ్యా ఫరూక్, అంతమంది చెవులు కోసుకుంటున్నారా నీ పాటకి?"

"ఏదో మీ దయండి" అన్నాడు ఫరూక్ బాబాయి, తల వంచుకుని. "ఎక్కడెక్కడి వాళ్ళో వింటున్నారండి. బాపట్లలో కూడా."

బసవేశ్వరరావు గారి చెయ్యి పళ్ళెం వైపు కదిలింది. మావయ్య ముఖం చూశాను. పెళ్ళి పోతున్నందుకు బాధ ఒక పక్కన ఉంది. కానీ దాన్ని తోసుకుంటూ ఇంకోటి పైకి వస్తోంది. ఫరూక్‌కి అంతమంది ఉన్నారని ఈ ఇల్లంతా నమ్ముతోంది. లేని జనాన్ని తీసుకొచ్చి వాడి ముందు నిలబెడుతున్నారు. మావయ్య దేన్నైనా ఓర్చుకుంటాడు గానీ అది ఓర్చుకోలేడు.

"ఎక్కడి వాళ్ళూ లేరండి!" అని గావుకేక పెట్టాడు. "వీడి పాట ఒక్కడు కూడా వినలేదు. అవన్నీ నేనే! తెనాల్లో నేనే, బాపట్లలో నేనే! అన్నిసార్లూ నేనే విన్నానండి!"

మావయ్య నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉన్నాడు, ఏమన్నాడో తన చెవులకి అప్పుడే చేరినట్టు.

ఫరూక్ బాబాయి ముఖంలో నవ్వు మాయమైంది. "మరి బావకున్న అంకె ఎవరిదనుకుంటున్నారండి? ఈయన్నెవడు చూస్తాడు? నేనే! రోజూ నేనే చూశాను!"

"నువ్వు తక్కువసార్లే చూశావు!"

"నీ సైటులో పాట లేదు కాబట్టి! ఉంటే నీకంటే ఎక్కువసార్లు వినేవాణ్ణి!"

బసవేశ్వరరావు గారు కుర్చీలోంచి పడబోయి నిలదొక్కుకున్నాడు. మేళాల కట్టుబాటు ఆయనకీ తెలుసు, మూడు తరాలుగా చూస్తున్నాడు కదా. "అంటే ఇద్దరూ ఒకడి మేళం ముందు ఒకడు నిలబడ్డారన్నమాట. ఇద్దరూ ఓడిపోయారు. ఇప్పుడు తాంబూలం ఎవరికివ్వను, గెలిచినవాడే లేడు?"

"పాట ఉందని కాలేషా బాబాయ్ విన్నారు, సరే" అంది ఉషశ్రీ, మావయ్య సైటు తెరుస్తూ. "ఇందులో ఏముందని మీరు రోజూ చూశారు ఫరూక్ బాబాయ్?"

ఫరూక్ బాబాయి ఉంగరం ఉన్న చేతిని వెనక్కి పెట్టుకున్నాడు. ప్రమీలారాణి గారు తెర దగ్గరికి వంగి చూసింది. లోపలికి వెళ్ళి ఆడపడుచు పెళ్ళి ఆల్బమ్ తీసుకొచ్చింది. ఫొటో మొత్తం అందులో ఉంది, చెయ్యికి మనిషితో సహా.

"ఈ ఉంగరం నీదే కదయ్యా?"

"నన్ను తీసేశాడండి" అన్నాడు ఫరూక్ బాబాయి. "చెయ్యి కూడా తీసేస్తాడేమోనని రోజూ చూసుకునేవాణ్ణి."

మావయ్య నేల వంక చూశాడు. "పాటలో తప్పు లేదు" అన్నాడు చివరికి, పన్ను పీకించుకున్నంత కష్టంగా. "వెతికాను. లేదు."

ఉషశ్రీ పళ్ళెం తీసుకుంది. ఆకులు రెండు వాటాలు చేసి ఇద్దరి చేతుల్లోనూ పెట్టింది. "ఇద్దరూ రండి. నన్ను గడప దాటించే పాట ఇద్దరూ కలిసి వాయించాలి."

"ముందెవరు నడవాలమ్మా?" అన్నారు ఇద్దరూ.

"అది మీరే తేల్చుకోండి."

తేలలేదు. వైశాఖంలో పెళ్ళయింది. కొల్లిపరలో ఆ వీధి ఒక ఎడ్లబండి పట్టేంత ఉంటుంది. ఒకడి కంటే ఒకడు అడుగు వెనకపడకూడదని ఇద్దరూ భుజాలు రాసుకుంటూ పక్కపక్కనే నడిచారు. ఫరూక్ బాబాయి కుడి కుచ్చు గోడలకి రాసుకుని ఊడిపోయింది. మావయ్య ఎడమ మోచెయ్యి ఏడు ఇళ్ళ సున్నం గీరుకొచ్చింది. పెళ్ళికొడుకు జయకృష్ణ వెనక గుర్రం మీద కూర్చుని, ఈ ఇద్దర్లో ఒకరు గెలిస్తే తప్ప తన పెళ్ళి కాదేమోనని కంగారుపడ్డాడు. గడప దగ్గర మాత్రం పాట ఎత్తుకున్నాక ఎవరూ ఎవర్నీ తోయలేదు. నేను తాళం వేయడం మర్చిపోయాను. అది నా వృత్తిలో జరిగిన ఏకైక తప్పు అని చెప్పుకుంటాను.

సాదియా ఆ పాట రికార్డు చేసింది. నా పక్కకొచ్చి, "చెయ్యి కత్తిరించడం మర్చిపోయారంటగా" అంది.

"డిజైన్" అన్నాను.

పెళ్ళయిన వారానికి మావయ్య సైటులో ఫొటో మొత్తం పెట్టమన్నాడు. పెట్టాను. తన వైపు కాస్త పెద్దగా చెయ్యమన్నాడు. కుదరదన్నాను. ఫోను నంబరు కూడా పెట్టమన్నాడు, ప్రకటన దొరసాని కోసం అద్దె కట్టడానికి కూడా ఒప్పుకున్నాడు, అంటే ఆవిణ్ణి పంపించెయ్యడానికి. తరవాత, గోడకేసి చూస్తూ అడిగాడు.

"వాడి సైటులో ఆ పాట ఇంకా ఉందా?"

"లేదు మావయ్యా. సాదియా మార్చేసింది. ఇప్పుడు కొల్లిపర పాట పెట్టింది, ఇద్దరిదీ."

గాంధీ చౌక్‌కి వెళ్ళాం. ఈసారి తువ్వాలు లేదు. టోపీ వచ్చింది, కనుబొమలు వచ్చాయి, పాట వచ్చింది. రెండు క్లారినెట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయి వెళ్తున్నాయి. మావయ్య కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి నుదురు ముడిపడింది.

"ఒరేయ్, ఇందులో నేనేదిరా?"

"బాగున్నదంతా నువ్వే మావయ్యా."

మావయ్య నమ్మలేదు. పూర్తిగా నమ్మకపోనూ లేదు. హెడ్‌ఫోన్లు సర్దుకున్నాడు.

"ఇంకోసారి తెరువు" అన్నాడు.

తెరిచాను. కింద అంకె ఒకటి పెరిగింది.